వెడల్పు హ్యాండిల్, పొట్టి స్టెమ్: మౌంటెన్ బైక్ ముందు భాగం ఇలా ఎందుకు మారింది?

హనుమకొండలో గేరు సైకిళ్లు అమ్మే దుకాణాల్లో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న కోరిక ఒకటుంది: "అన్నా, దీనికి వెడల్పు హ్యాండిల్ వేసివ్వు." అడిగే కుర్రవాడి సైకిల్‌కు 640 మిల్లీమీటర్ల హ్యాండిల్, 90 మిల్లీమీటర్ల స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్ ముందు గొట్టానికి కలిపే ముక్క) ఉంటాయి. ఫోన్లో అతను చూసే వీడియోలు 780, 40 అంటాయి. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి ఈ సైకిల్‌కు బిగిస్తే డబ్బు పోవడమే కాదు, నడవాల్సిన సైకిల్ నడవనని మొరాయిస్తుంది. ఆ రెండు జతల అంకెలకు మధ్య ఒక పెద్ద మార్పు జరిగింది. అది హ్యాండిల్లో కన్నా ఫ్రేములో ఎక్కువగా జరిగింది.

1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ యువకులు 1930, 40ల నాటి బరువైన ష్విన్ కంపెనీ సైకిళ్లను వెతికి తెచ్చి కొండవాలు మీద వదిలేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర రీప్యాక్ పందెం మొదలైంది. దారి పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు, దిగుడు దాదాపు 400 మీటర్లు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులో గ్రీజు వేడికి కాలిపోయేది, దాన్ని మళ్లీ నింపాల్సి (రీప్యాక్) రావడం వల్లే ఆ పేరు. గ్యారీ ఫిషర్ ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. అంత వేగంలో రాళ్ల మీద చక్రాన్ని అదుపులో ఉంచడానికి వాళ్లు మోటార్‌సైకిల్ హ్యాండిళ్లు, లివర్లు వాడుకున్నారు. అంటే మౌంటెన్ బైక్ పుట్టిందే వెడల్పు హ్యాండిల్‌తో. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఈ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ తేవడంతో అది దుకాణంలో కొనుక్కోగలిగే సరుకైంది.

మరి మధ్యలో హ్యాండిల్ ఎందుకు ఇరుకైంది? పోటీ కొండ దిగడం నుంచి కొండ ఎక్కడం వైపు మళ్లింది కాబట్టి. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ (ఎక్కుడు, దిగుడు రెండూ ఉండే దూరపు పందెం) వచ్చాయి. రోడ్డు పందేల అలవాట్లు ఈ ఆటలోకీ నడిచొచ్చాయి. అమెరికా పందెగాడు జాన్ టోమాక్ అయితే 1990 సీజన్‌లో రోడ్డు సైకిల్‌కు ఉండే వంపు హ్యాండిల్‌తోనే కొండ పందేల్లో తొక్కాడు. మిగిలినవారు 560, 580 మిల్లీమీటర్ల తిన్నని కడ్డీలు, 120 నుంచి 150 మిల్లీమీటర్ల స్టెమ్‌లు, చివర కొమ్ముల్లాంటి బార్ ఎండ్లు వాడేవారు.

ఇప్పుడు ఆ సైకిళ్లను చూసి నవ్వేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అప్పటి ఫ్రేములు పొట్టివి. ఒంటిని చాచి కూర్చోవడానికి కావలసిన చోటును స్టెమే ఇవ్వాలి. నిటారు ఎక్కుడులో ముందు చక్రం లేవకుండా బరువును దాని మీదికి తోసే పనీ స్టెమ్‌దే. ఆ ఫ్రేముకు అది సరైన సమాధానం. కాకపోతే ధర దిగుడులో చెల్లించాల్సి వచ్చేది: చేతులు ముందు ఇరుసుకు దగ్గరగా చేరి, చక్రం రాయికి తగిలిందంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడేవాడు.

దిగుడు పందేలవాళ్లు దీన్ని ముందుగా వదిలించుకున్నారు. ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులు మింగే సస్పెన్షన్ ఫోర్కులు మెరుగై వేగం పెరిగేకొద్దీ మోటోక్రాస్ తరహా వెడల్పు మళ్లీ అవసరమైంది. 1990ల చివర గ్యారీ ఫిషర్ కంపెనీ ఫ్రేము పై గొట్టాన్ని పొడిగించి, స్టెమ్‌ను తగ్గించిన ఫ్రేములు తెచ్చింది. 2012లో స్పెయిన్ కంపెనీ మోండ్రేకర్ అదే ఆలోచనను కొస దాకా లాగి, ఫ్రేమును బాగా పొడిగించి ఏకంగా 10 మిల్లీమీటర్ల స్టెమ్ పెట్టింది. ఆ కొలత నిలవలేదు గానీ దారి అదే అయింది. పాత మధ్యస్థ సైజు ఫ్రేములో రీచ్ 400 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే ఇప్పటి ట్రెయిల్ బైకులో (కొండ, అడవి బాటల కోసం చేసిన మౌంటెన్ బైకులో) 450 దాటుతోంది. రీచ్ అంటే పెడల్ ఇరుసు నుంచి నిట్టనిలువుగా గీసిన గీతకూ ఫోర్కు దూరే గొట్టం పై అంచుకూ మధ్య అడ్డంగా ఉండే దూరం. అదే కాలంలో నేలతో ఫోర్కు చేసే కోణం 71 డిగ్రీల నుంచి 65 దగ్గరికి వాలిపోయింది.

వాలిన ఫోర్కు వేగంలో నిలకడగా ఉంటుంది, నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రం చక్రం పక్కకు ఒరగాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచడానికి వెడల్పు హ్యాండిల్ ఇచ్చే అదనపు బలం కావాలి. చేతులు పక్కలకు జరిగితే ఛాతీ ముందుకు, కిందికి లాగినట్టవుతుంది. ఆ లాగుడు తగ్గడానికి స్టెమ్ పొట్టిదవ్వాలి. పొడుగు ఫ్రేము, వాలు ఫోర్కు, వెడల్పు హ్యాండిల్, పొట్టి స్టెమ్ నాలుగూ కలిసి వచ్చినవి. అందులోంచి ఒక్కదాన్ని విడదీసి తెచ్చుకోవడంలోనే చిక్కు.

మన వైపు కథ వేరు. పాల క్యాన్లు, కల్లు లొట్లు, బియ్యం బస్తాలు మోసిన సైకిల్‌కు వెనక్కి వంగిన హ్యాండిల్ ఉండేది, మనిషి నిటారుగా కూర్చునేవాడు. తర్వాత తిన్నని హ్యాండిల్, లావు టైర్లతో రేంజర్ సైకిళ్లు వచ్చాయి. ఈనాటికీ తక్కువ ధర ఎంటీబీల్లో (మౌంటెన్ బైకుల్లో) చాలావాటి ఫ్రేములు పాత కొలతలవే. వాటికి ఉన్నపళంగా 40 స్టెమ్ వేస్తే మోకాళ్లు హ్యాండిల్‌కు దగ్గరవుతాయి, ఎక్కుడులో ముందు చక్రం అటూ ఇటూ తిరుగుతుంది. స్టెమ్ మార్చకుండా 780 హ్యాండిల్ వేస్తే మణికట్లు, భుజాలు, నడుము నొప్పి పుడతాయి. ఇలాంటి ఫ్రేముకు 60, 70 స్టెమ్‌తో 680 నుంచి 720 వరకు హ్యాండిల్ సరిపోతుందని నా అభిప్రాయం. కొనేముందు స్టెమ్ పట్టుకునే చోట హ్యాండిల్ కడ్డీ మందం ఎంతో చూడాలి. పాతవాటికి 25.4 మిల్లీమీటర్లు, కొత్తవాటికి 31.8 లేదా 35. ఒకదానిది ఇంకోదానిలో కూర్చోదు. స్టెమ్ ఫోర్కు గొట్టంలోకి దిగి లోపలి బోల్టుతో బిగుసుకునే పాత రకమైతే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు.

కొత్త తరహా ఫ్రేము ఉన్నవారు కూడా 800 కోసం తహతహలాడనక్కర్లేదు. హనుమకొండ చుట్టూ ఉన్న గుట్టల మీద గ్రానైటు బండలు, జారే మొరం ఉంటాయి, అక్కడ వెడల్పు నిజంగా ఆదుకుంటుంది. కానీ ఆ గుట్ట దగ్గరికి చేరేది పత్తి చేల గట్ల మీదుగా, రెండు పక్కలా తుమ్మ కంప ఉన్న బండ్ల బాటలోంచి. ములుగు వైపు టేకు చెట్ల మధ్య కాలిబాటలు ఇంకా ఇరుకు. కంపకు ముందుగా తగిలేది చిటికెన వేలే. కాజీపేట రోడ్డు రద్దీలో ఆటోల మధ్య నుంచి దూరాలన్నా అంతే. మధ్యరకం ఎత్తు, భుజాలు ఉన్నవారికి 720 నుంచి 760 చాలు. దండీలు తీసేటప్పుడు అరచేతులు సహజంగా ఎంత ఎడంగా పడతాయో కొలుచుకుంటే మొదటి అంచనా దొరుకుతుంది.

హ్యాండిల్ వెడల్పుగా అనిపిస్తే వెంటనే హాక్సా బ్లేడు తీయకూడదు. ఎలెన్ కీతో బ్రేకు, గేరు లివర్ల బోల్టులు వదులు చేసి, గ్రిప్పులతో సహా రెండు వైపులా పది మిల్లీమీటర్లు లోపలికి జరపాలి. బయటికి మిగిలిన కడ్డీ కొసలకు మూతలు పెట్టి, తెలిసిన దారిలోనే కొన్నాళ్లు తొక్కాలి. దిగుడులో, మలుపులో, ఎక్కుడులో మూడుచోట్లా హాయిగా ఉంటేనే కోయాలి, అదీ ఒక్కో వైపు ఐదు మిల్లీమీటర్ల చొప్పున. అల్యూమినియం కడ్డీకి పైపు కట్టర్ చాలు. కార్బన్ కడ్డీని మాత్రం కట్టర్‌తో నొక్కితే పొరలు చిట్లుతాయి కాబట్టి, టేపు చుట్టి సన్నపళ్ల బ్లేడుతో నెమ్మదిగా కోయించాలి.