చాకిరీ చెమట, ఆట చెమట

మా అమ్మను వాకింగ్‌కు వెళ్లమన్నప్పుడల్లా ఒకటే మాట అనేది: "పొద్దున్నుంచీ ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను, ఇంకా పనిగట్టుకుని నడిచేదేమిటి?" వాకిలి ఊడ్చి, అంట్లు తోమి, తడి బట్టల బకెట్టు మేడమీదికి మోసుకెళ్లి ఆరేసి వచ్చిన మనిషి ఆ మాట అంటే కాదనలేం. చీపురు పట్టినా షటిల్ బ్యాట్ పట్టినా కదిలేది అదే చెయ్యి, పట్టేది అదే చెమట. నా దగ్గర చాలాకాలం జవాబు లేదు.

మనసు మాత్రం ఆ రెండు చెమటల్నీ ఒకే ఖాతాలో వేయదనిపిస్తోంది. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఎన్నో అధ్యయనాలను పోగేసి, శరీర శ్రమను రకాలవారీగా విడదీసి చూశారు. తీరికవేళ ఆడేవాళ్లలో, నడిచేవాళ్లలో మానసిక సమస్యలు తక్కువగా కనిపించాయి. ఇంటిపనికి అలాంటి సంబంధమేదీ స్పష్టంగా తేలలేదు. ఉద్యోగంలో పడే శ్రమ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. ఒళ్లు బాగా అలిసే పనుల్లో ఉన్నవాళ్లలో మానసిక బాధలు కాస్త ఎక్కువే.

దీన్ని చూసి బరువులు మోయడం వల్లే దిగులు వస్తుందనుకుంటే పొరపాటు. అలాంటి పనులు చేసేవాళ్లకు కూలి తక్కువ, అప్పులు ఎక్కువ, రేపు పని దొరుకుతుందో లేదో తెలియదు. నిద్ర పట్టకపోవడానికి ఆ టెన్షన్ చాలు. అయినా అంతటితో కథ పూర్తి కాదు. గుండె జబ్బుల విషయంలోనూ ఇలాంటి వింతే ఉందని డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం కొన్నేళ్లుగా చెబుతోంది. ఆటలో గుండె వేగం అరగంటో గంటో పెరిగి, తర్వాత దిగుతుంది. నాట్లు వేసే మనిషి నడుము పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగే ఉంటుంది. ఎప్పుడు ఆగాలో, ఎంత వేగంగా వేయాలో ఆమె చేతిలో లేదు. మర్నాడు మళ్లీ అదే మడి. శ్రమ ఉంది, తేరుకునే వ్యవధి లేదు. మన భాషలో ఆటవిడుపు అని ఒక చక్కటి మాట ఉంది. అందులో ఆట ఎంత ముఖ్యమో విడుపూ అంతే ముఖ్యం.

అసలు వ్యాయామం దిగులును తగ్గిస్తుందా? అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 1999లో ప్రకటించిన ప్రయోగం చాలామందిని ఆశ్చర్యపరిచింది. డిప్రెషన్ ఉన్న 156 మందిని, అందరూ 50 దాటినవాళ్లనే, మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మాత్రలు, ఒక గుంపుకు వారానికి మూడుసార్లు వ్యాయామం, మూడో గుంపుకు రెండూ. 16 వారాల తర్వాత మూడు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. మాత్రలు త్వరగా పనిచేశాయి, అంతే తేడా. కోలుకున్నవాళ్లను మరో ఆరు నెలలకు చూస్తే, వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టింది 8 శాతం మందికే. మాత్రల గుంపులో 38 శాతం, రెండూ చేసిన గుంపులో 31.

రెండూ చేసినవాళ్లు అందరికంటే ముందుండాలి కదా! పరిశోధకులు ఒక ఊహ చేశారు: "నా కష్టంతో నేనే బయటపడ్డాను" అన్న ధీమా మాత్ర కూడా ఉన్నప్పుడు కొంత పలచబడుతుందేమో. ఊహే, రుజువు కాదు. పైగా ఆ ప్రయోగంలో, పోల్చి చూడటానికి, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రల గుంపు లేదు. 2007లో అదీ చేర్చి మళ్లీ చేశారు. మందు గుంపులో 47 శాతం, శిక్షకుల దగ్గర వ్యాయామం చేసినవాళ్లలో 45 శాతం కోలుకున్నారు. ఉత్తుత్తి మాత్రతోనూ 31 శాతం కోలుకున్నారు! ఇది చదివి ఎవరైనా డాక్టర్‌నడక్కుండా మాత్రలు ఆపేస్తే మాత్రం ప్రమాదం.

పరుగు తర్వాత వచ్చే హాయి ఎండార్ఫిన్ల, అంటే ఒంట్లోనే పుట్టే నొప్పి తగ్గించే పదార్థాల, మహిమ అని అందరం వింటూనే ఉంటాం. పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, రక్తంలో పెరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి సులువుగా దూరలేవు. జర్మనీలో పరుగు తీసేవాళ్లకు వాటి ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇచ్చి పరిగెత్తిస్తే, హాయి ఎటూ పోలేదు. 2021 నాటి ఫలితం ఇది. ఇప్పుడు అనుమానమంతా మరో పదార్థం మీద ఉంది. 1992లో జెరూసలెంలో రఫేల్ మెషూలమ్ ప్రయోగశాలలో దొరికింది. గంజాయిలోని మత్తు పదార్థం మెదడులో ఏ తాళాన్ని తెరుస్తుందో, దాన్నే తెరిచే తాళంచెవి మన ఒంట్లోనే తయారవుతోందని తేలింది. దానికి సంస్కృతం వెతికి మరీ పేరు పెట్టారు: ఆనందమైడ్. అవును, మన ఆనందమే.

ఇందులో నాకు బాగా నచ్చింది ఎలుకల ముచ్చట. బోనులో పెట్టిన ఎలుక చక్రమెక్కి పరిగెత్తడం తోచకనే అని అనుకునేవారు. నెదర్లాండ్స్‌లో యోహన్నా మైయర్ అనే శాస్త్రవేత్త చక్రాన్ని బయట పచ్చికలో పెట్టి, రాత్రుళ్లు కెమెరాతో చూశారు. అడవి ఎలుకలు వాటంతటవే వచ్చి, ఎక్కి, పరిగెత్తి వెళ్లాయి. కప్పలూ వచ్చాయి. చివరికి ఒక నత్తజాతి జీవి కూడా ఎక్కింది, దానికి ఏం హాయి దక్కిందో గానీ!

ఇష్టంగా ఎక్కిన చక్రం ఉద్యోగమైతే? 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో బంగారు పతకం కొట్టిన అభినవ్ బింద్రా, గెలిచాకే తనను శూన్యం కమ్మేసిందని చాలాసార్లు బాహాటంగా చెప్పారు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో మానసిక ఆరోగ్యం కోసం పోటీల మధ్యలోనే తప్పుకున్నారు. ఆట ఆడితే చాలు మనసు గట్టిపడిపోతుందనేవాళ్లు వీళ్లకేం చెబుతారో. మన పిల్లల కథ ఇంకోరకం. డ్రిల్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకోవడం మా రోజుల్లోనే ఉంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో నడిచే ఇంటర్ కాలేజీల్లో తీసుకోవడానికి పీరియడూ లేదు, గ్రౌండూ లేదు.

అమ్మ వాకింగ్‌కు ఇప్పటికీ వెళ్లదు. నిరుడు పక్కింటివాళ్లు అపార్ట్‌మెంట్ మేడమీద వల కట్టి, టెన్నికాయిట్ మొదలుపెట్టారు. బట్టలు తీయడానికి వెళ్లి, ఒకరు తక్కువయ్యారంటే రింగు పట్టుకుందట. ఇప్పుడు సాయంత్రం ఐదయితే ఇంట్లో ఉండదు. మొన్న ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పుల ఊసే లేదు. ఎదురింటావిడ గీత దాటి వేసిందని, పాయింటు ఇవ్వలేదని పావుగంట చెప్పింది.