వసంతంలో మంచుదెబ్బ: పళ్ల చెట్లు, పెరటి మొక్కల గురించి అపోహలు - వాస్తవాలు

తెలుగులో పొగమంచూ మంచే, కొండల మీద పడే హిమమూ మంచే, తెల్లారేసరికి ఆకుల మీద ఉప్పు చల్లినట్టు పేరుకునేదీ మంచే. ఇక్కడ చెప్పేది ఈ చివరిదాని గురించి. చలికాలం అయిపోయిందనుకుని ఆపిల్, పీచ్, ప్లమ్ పూతకొచ్చాక ఒక్క రాత్రి వచ్చి పోయే గడ్డకట్టే చలి ఇది. దీని మీద ఉన్న అపోహలు చాలావరకు ఒకచోటే పుడతాయి: చలి పైనుంచి దిగుతుందని అనుకోవడం దగ్గర. నిజానికి నేలా ఆకులూ దాచుకున్న వేడే ఆకాశంలోకి పోతుంది.

అపోహ: సున్నాకు దిగితే పూత మొత్తం పోయినట్టే.

వాస్తవం: మొగ్గ ఏ దశలో ఉందో చూడాలి. కొన పచ్చబడుతున్న ఆపిల్ మొగ్గ మైనస్ 7 డిగ్రీల చలికి కూడా తట్టుకుంటుంది. పూర్తిగా విచ్చుకున్న పువ్వైతే, అరగంట పాటు మైనస్ 2 ఉంటే పదింట ఒకటి, మైనస్ 4 ఉంటే పదింట తొమ్మిది పోతాయి. పూత విరగబూసిన ఏడాది పదింట ఒక పువ్వు కాయైనా ఆపిల్‌కు నిండు కాపే. టమాటా, దోస, బీన్స్ నారుకు మాత్రం అంత ఓపిక లేదు. సున్నాకు ఒక డిగ్రీ దిగినా వాడి నల్లబడతాయి. బఠాణీ, క్యాబేజీ, ఉల్లి తేలికపాటి మంచును లెక్కచేయవు.

అపోహ: వాతావరణ సూచనలో 2 డిగ్రీలని ఉంది, భయం లేదు.

వాస్తవం: ఆ అంకె దాదాపు మనిషి ఎత్తున, పెట్టెలో ఉన్న థర్మామీటరుది. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి ఆకు తన చుట్టూ ఉన్న గాలికంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే చల్లబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి నీళ్లలాగే పల్లానికి జారి, గోడో గుబురు కంచో అడ్డుంటే అక్కడే నిలుస్తుంది. సూచనలో డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా పేరుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కూడా చూడండి. అది సున్నాకు బాగా కింద ఉంటే రాత్రి చలి వేగంగా దిగుతుంది, తెల్లమంచు కనపడకుండానే ఆకు మాడుతుంది.

అపోహ: పొగ పెడితే తోట గట్టెక్కుతుంది.

వాస్తవం: నేల నుంచి పోయే వేడి తరంగాల పొడవు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉంటుంది. పొగ రేణువులు ఒక మైక్రాన్ కంటే చిన్నవి, వాటికి అడ్డే కావు. పైగా తెల్లవారాక ఎండను ఆపేస్తాయి. మంటలో పనికొచ్చేది వేడి ఒక్కటే. అదీ చిన్న చిన్న మంటలు చాలాచోట్ల పెడితేనే. ఒక్క పెద్ద మంట వేడిగాలిని నిటారుగా పైకి పంపి, చుట్టుపక్కల చల్లగాలిని లోపలికి లాగుతుంది.

అపోహ: గుడ్డ కప్పితే మొక్క వెచ్చబడుతుంది.

వాస్తవం: గుడ్డకు సొంత వేడి లేదు. నేల ఇచ్చే వేడిని పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే కొమ్మల్ని మూటగట్టి కాండానికి తాడు బిగిస్తే ఫలితం ఉండదు. అంచులు నేలను తాకాలి, ఇటుకలు పెట్టాలి. పొద్దు వాలకముందే కప్పి, పొద్దున చలి విరిగాక తీసేయాలి. ప్లాస్టిక్ షీటైతే కర్రల మీద నిలబెట్టండి. ఆకుకు తగిలినచోటల్లా మాడుతుంది. ముందురోజు నేలను ఒక అడుగు లోతు తడిపి, మొక్క మొదట్లో పరిచిన గడ్డీ ఆకులూ పక్కకు లాగితే నేల పగటి వేడిని బాగా తాగి రాత్రి వదులుతుంది. లోపల బల్బు పెట్టేవాళ్లు పాత ఫిలమెంట్ బల్బే పెట్టాలి. ఎల్ఈడీతో వెలుతురే మిగులుతుంది.

అపోహ: పడుకునేముందు ఆకుల మీద నీళ్లు చల్లితే చాలు.

వాస్తవం: అన్నిటికంటే నష్టం చేసే సలహా ఇదే, ఎందుకంటే సగం నిజం. ఒక గ్రాము నీరు గడ్డకడుతూ 80 క్యాలరీలు వదులుతుంది. అదే గ్రాము ఆవిరైతే 600 దాకా లాక్కుంటుంది. ఆవిరైన ప్రతి గ్రాముకూ ఏడెనిమిది గ్రాములు గడ్డకడితేగానీ లెక్క సరిపోదు. ఒకసారి చల్లి వదిలేస్తే ఆవిరే గెలుస్తుంది, మొక్క మామూలుకంటే చల్లబడుతుంది. తోటల్లో స్ప్రింక్లర్లతో కాపాడేవాళ్లు చలి సున్నాకు చేరకముందే మొదలుపెట్టి, పొద్దున మంచు కరిగి రాలేదాకా ఆపరు. తేలికపాటి చలికే గంటకు 3 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు 12 వేల లీటర్లు కావాలి. కొమ్మ మీద మంచు గాజులా తేటగా ఉంటే నీరు సరిపోతున్నట్టు; పాలలా తెల్లబడితే చాలట్లేదు. నడిరాత్రి పంపు ఆగిపోతే అసలు పెట్టకపోవడమే మేలు. పొడిగాలి వీస్తుంటే ఈ పద్ధతి జోలికే పోకండి. మంచు బరువుకు కొమ్మలు విరగడం అదనం.

అపోహ: గాలి ఉంటే మంచుదెబ్బ ఉండదు.

వాస్తవం: మామూలు రాత్రి నిజమే, గాలి పైనున్న వెచ్చదనాన్ని కిందికి కలుపుతుంది. గడ్డకట్టే గాలే తరలివస్తే, పై గాలిని కిందికి కలపడానికి తోటల్లో పెట్టే పెద్ద ఫ్యాన్లూ, కప్పిన దుప్పట్లూ పెద్దగా చేసేదేం లేదు.

అపోహ: పొద్దున రేకులు తెల్లగా ఉన్నాయి, పూత బతికింది.

వాస్తవం: మంచు కరిగిన కొన్ని గంటల తర్వాత నాలుగు వైపుల నుంచీ, కింది కొమ్మా పై కొమ్మా కలిపి, ఓ యాభై పూలు కోయండి. బ్లేడుతో నిలువుగా చీలిస్తే, బతికిన పువ్వులో నడిమి అండకోశం (కాయ కట్టే భాగం) లేతపచ్చగా ఉంటుంది. చచ్చినదాంట్లో గోధుమ రంగో నలుపో కనిపిస్తుంది, రేకులు ఎంత తాజాగా ఉన్నా సరే. మాడిన కొమ్మల్ని మాత్రం ఆ వారమే కత్తిరించకండి. కొత్త చిగురు ఎక్కడినుంచి వస్తుందో తేలేదాకా కత్తెర పక్కన పెట్టండి.