మంట పెడితేనే తునికాకు చిగురిస్తుందా? అడవి మంటలపై అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో గ్రామసభలతో కలిసి అడవి మంటల నివారణ పని చేస్తుంటాను. ఫిబ్రవరి వచ్చిందంటే ఊరూరా సమావేశాలే. అంకిసా వైపు పోయినా, అసరెల్లి వైపు పోయినా ఎవరో ఒకరు లేచి బీడీలు చుట్టే తునికాకు గురించి అదే మాట అంటారు: "మంట పెట్టకుంటే ఆకు రాదు సార్, మా తాతల నుంచి ఇంతే." అడవి గురించి తిరిగే మాటలన్నిట్లో మన ఇళ్లకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: కాల్చిన చోటే తునికాకు బాగా వస్తుంది.

కాల్చాక చిగురు రావడం నిజమే. కళ్లతో చూశారు కాబట్టే జనం నమ్ముతున్నారు, వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ చిగురు మంట ఇచ్చింది కాదు. తునికి వేరు మహా మొండిది. పైన కొమ్మ పోతే చాలు, కింద నుంచి పిలకలు వేస్తుంది. కొమ్మ కత్తితో పోయినా అంతే, మంటలో పోయినా అంతే. ఫిబ్రవరి ఆఖరున, మార్చి మొదట్లో పొదను నేలకు దగ్గరగా నరికితే నెలన్నరకు కోతకు అందే లేత ఆకు వస్తుంది. ఈ కొమ్మ కొట్టుడు మనకు కొత్త పనేమీ కాదు. మనిషికి రెండు మూడు రోజుల కష్టం, అంతే. అగ్గిపుల్లకు ఆ కష్టం లేదు కాబట్టి అది సులువుగా కనిపిస్తుంది.

అయితే కత్తి తునికి పొద దగ్గరే ఆగుతుంది, మంట ఆగదు. దారిలో ఉన్న ఇప్ప మొలక, ఉసిరి మొలక, చార మొలక అన్నిటినీ మింగుకుంటూ పోతుంది.

ఒక ఊళ్లో సమావేశం మధ్యలోనే అందరినీ ఇప్పచెట్ల కిందికి తీసుకుపోయాను. "మీ ఊరి పక్కన పెద్ద ఇప్పలు ఇన్ని ఉన్నాయి కదా, పిల్లచెట్టు ఒక్కటి చూపించండి" అన్నాను. చాలాసేపు వెతికారు. చివరికి ఒక పెద్దవ్వ గట్టు పక్కన వంగి చూపించింది. పెన్సిల్ అంత లావు, మోకాలెత్తు కూడా లేదు. గోటితో గీకి చూస్తే పై భాగమంతా ఎండుపుల్ల, మొదలు దగ్గర మాత్రం పచ్చగా ఉంది. "ఇది నేను చూస్తున్నప్పటి నుంచి ఇంతే ఉంది బిడ్డా" అంది. ప్రతి వానాకాలం చిగురిస్తోంది, ప్రతి ఎండాకాలం కాలిపోతోంది. వేరుకు ఎన్నేళ్లున్నా కాండానికి ఏడాది కూడా నిండడం లేదు.

ఇప్ప గింజ ఎక్కువ రోజులు నిలవ ఉండేది కాదు, రాలిన కొద్ది వారాల్లోనే మొలవాలి. నూనె కోసం మనం ఏరుకోగా మిగిలింది, పశువులు తొక్కగా మిగిలింది ఏదో ఒకటి మొలుస్తుంది. వచ్చే మార్చిలో మంట దానికీ వస్తుంది. మొలక పూతకు రావాలంటే సుమారు పదేళ్లు పడుతుంది. ఇప్పుడు మనం ఏరుకుంటున్న పువ్వంతా తాతల కాలపు చెట్లది. ఆ ముసలిచెట్లు ఒక్కొక్కటే పడిపోతుంటే, వాటి చోటులోకి వచ్చే చెట్టు లేదు. ఆకు కోసం పెట్టే మంట మన పువ్వునే తినేస్తోంది.

ఇక ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చడం. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఎండుటాకుల్లో కనపడదు. ఆడవాళ్లు చీకట్లోనే బుట్ట పట్టుకుని వస్తారు, నడుములు పడిపోతాయి. ఆ ఇబ్బంది తెలియక "కాల్చొద్దు" అని ఊరికే పోస్టర్లు అంటించిపోతే ఎవరు వింటారు? పూతకు ముందే చెట్టు చుట్టూ ఊడ్చి, ఆకును పొలం గట్టు మీదికి చేరిస్తే ఎరువు అవుతుంది. పాత చీరలు కలిపి కుట్టి పరిచినా సరిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లో చెట్టు కింద వల కట్టి, నేల తాకని పువ్వును తినే రకం కింద ఎక్కువ ధరకు కొంటున్నారు. బూడిద అంటిన పువ్వుకు ఆ ధర ఎవరిస్తారు?

అపోహ: మంట చూసి ఫోన్ చేస్తే మన మీదే కేసు.

దీనికి భయపడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒకతను రాత్రంతా పచ్చికొమ్మలతో మంట ఆర్పి, పొద్దున మసి చేతులు దాచుకుంటూ తిరిగాడు, తననే పట్టుకుంటారని టెన్షన్. చట్టం చెప్పేది వేరు. 1927 నాటి భారత అటవీ చట్టం 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవికి నిప్పు పెట్టడం నేరం. అదే చట్టం 79వ సెక్షన్ మాత్రం, అడవిలో హక్కు ఉన్నవాళ్లు మంట సంగతి చెప్పాలి, ఆర్పాలి అంటోంది. అంటే ఫోన్ చేయడం మన బాధ్యత.

శాటిలైట్‌లో మన మొహం పడుతుందని కూడా కొందరి పుకారు. ఒట్టి మాట. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి శాటిలైట్ ద్వారా మంటల సమాచారం ఇస్తోంది. ఇప్పుడు వాడే పరికరాల్లో మెరుగైన దానికి కూడా ఒక్కో చుక్క అంటే సుమారు 375 మీటర్ల చదరం. అందులో తెలిసేది వేడి, మనిషి కాదు. పైగా అది మన మీదుగా రోజుకు కొన్నిసార్లే పోతుంది. మధ్యలో అంటుకున్న మంటను ముందు చూసేది మనమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వెదురు రాసుకుని అడవి అంటుకుంటుందంటారు. మన దేశంలో అడవి మంటలు దాదాపు అన్నీ మనిషి చేతి నుంచి వచ్చినవే: బీడీ ముక్క, పువ్వు కోసం, ఆకు కోసం పెట్టినవి. "ఫారెస్టోళ్లే కాలుస్తారు కదా" అని ఇంకో వాదన. వాళ్లు కాల్చేది ఫైర్ లైన్, ఎండలు ముదరకముందే గడ్డి కోసి, మనుషులు కాపలా ఉండి కాల్చే సన్నటి పట్టీ. పెద్ద మంట దాటకుండా ఆపడానికే అది.

"అడవి సర్కారుది, కాలితే మనకేం?" అనేవాళ్లకు ఒకటే చెప్తాను. మన గడ్చిరోలి జిల్లాలోనే మేండా లేఖా గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కు (అడవిని ఊరంతా కలిసి వాడుకుని, కాపాడుకునే హక్కు) తెచ్చుకుంది, 2011లో తన వెదురు తనే అమ్ముకుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉన్న ఊళ్లలో కాలుతున్నది గ్రామసభ సొమ్ము. ఆ చట్టం ఐదో సెక్షన్ అడవిని కాపాడుకునే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. మంట పెట్టకూడదని తీర్మానం రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మంటల కాలం ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా. అది మొదలయ్యేలోపే గ్రామసభ పెట్టి, ఆకు కాంట్రాక్టు మాట్లాడేటప్పుడే కొమ్మ కొట్టుడు కూలి ఎవరివ్వాలో రాయించుకోండి. ఆ మాట ముందే తేలిన ఊళ్లలో మంటలు తగ్గడం నేను చూశాను. పొగ కనిపిస్తే బీట్ గార్డుకు (మన వైపు అడవిని చూసే అటవీ శాఖ ఉద్యోగికి) గానీ, మహారాష్ట్ర అటవీ శాఖ 1926 నంబరుకు గానీ చేయండి. ఊరి పేరు, పొగ ఏ దిక్కున ఉంది, దగ్గర్లో వాగు గానీ దారి గానీ ఉందా, ఈ మూడూ చెబితే వచ్చేవాళ్లు నేరుగా అక్కడికి చేరతారు.