పదకొండు నెలల కొలువు వెనుక కథ: పాలమూరు, నల్లగొండ సహాయ సంస్థల్లో కాంట్రాక్టు పద్ధతి

గద్వాల, అచ్చంపేట, దేవరకొండ వైపు స్వచ్ఛంద సంస్థల ఉద్యోగ ప్రకటనల్లో "11 నెలల కాంట్రాక్టు ప్రాతిపదికన" అన్న మాట తరచూ కనిపిస్తుంది. పదకొండే ఎందుకని అడిగితే, పన్నెండు నిండితే పర్మినెంటు చేయమంటారని జవాబు వస్తుంది. చట్టంలో ఆ లెక్క ఎక్కడా లేదు. పదకొండు నెలలన్నది అద్దె ఒప్పందాల నుంచి వచ్చిన అలవాటు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఇంటి యజమానులు పదకొండు దగ్గర ఆగారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం చూసింది నెలలను కాదు, పనిదినాలను. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు ఉన్నట్టే. అంటే ఎనిమిదో నెల దాటేసరికే ఆ లెక్క పూర్తవుతుంది. మధ్యలో వారం రోజులు ఇంటికి పంపి మళ్లీ పిలిచినా పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు.

అసలు ధర్మసంస్థకు ఈ చట్టం వర్తిస్తుందా అన్నది పాత పేచీ. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీతగాళ్లతో ఒక పద్ధతి ప్రకారం సేవ నడిపే సంస్థ లాభం ఆశించకపోయినా 'పరిశ్రమే' కావచ్చని తేల్చింది. దాన్ని వెనక్కి తిప్పడానికి 1982లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ధర్మసంస్థలను మినహాయించింది గానీ, ఆ నిర్వచనం అమల్లోకే రాలేదు. 1984లో అమలైంది ఇంకో సవరణ: గడువు రాసుకున్న ఒప్పందం గడువు ముగిసి ఆగిపోతే అది రిట్రెంచ్‌మెంట్ (పరిహారం ఇవ్వాల్సిన తొలగింపు) కాదు. సంస్థలకు నిజంగా అండగా నిలిచింది ఇదే. అది అక్కరకు రావాలంటే ఒప్పందంలో ఏ పని, ఎన్నాళ్లు, ఏ ప్రాజెక్టు నిధితో అన్నవి స్పష్టంగా ఉండాలి. ఒకే పనికి ఒకే మనిషిని ఆరేళ్లు తేదీలు మార్చి తిప్పితే, గడువన్నది ముసుగేనని కోర్టు అనుకునే అవకాశం ఎక్కువ.

మన దగ్గర ఈ పద్ధతికి ఊపు తెచ్చింది చట్టం కాదు, ప్రాజెక్టులు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత తెలుగు నేలపై సహాయ సంస్థలు ఊపందుకున్నాయి. వాటిలో చాలావరకు పరిచయస్తులనే నోటిమాటతో పనిలో పెట్టుకున్నాయి. పాలమూరుకు అది కొత్తేం కాదు, వలస కూలీని గుంపు మేస్త్రీ కుదుర్చుకునే తీరే అది. 2000లో ప్రపంచబ్యాంకు రుణంతో మొదలైన జిల్లా పేదరిక నిర్మూలన ప్రాజెక్టు, అంటే 'వెలుగు', తొలి ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్‌ను కలుపుకుంది. రాతపరీక్ష, గ్రామంలో బస, గడువు కాంట్రాక్టు ఇక్కడి డిగ్రీ కుర్రాళ్లకు దానితోనే బాగా పరిచయమయ్యాయి. 2006లో ఉపాధి హామీ తొలి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ చేరి, ఊరూరా ఫీల్డ్ అసిస్టెంట్లు వచ్చారు. 2020లో సమ్మె తర్వాత తెలంగాణలో వారిని తొలగించడం, 2022లో తిరిగి తీసుకోవడం చూశాక, 'ఒప్పందం' ఎంత గట్టిదో ఈ జిల్లాల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

అత్యవసర నియామకాల లోటుపాట్లు చూడాలంటే 2009 అక్టోబరు వరదల లాంటి సందర్భాన్నే తీసుకోవాలి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులవి. తుంగభద్ర ఒడ్డున రాజోలి, అలంపూర్ మునిగాయి. అలాంటప్పుడు ఎంతమందిని తీసుకోవాలన్నది దగ్గరున్న డబ్బును బట్టి తేల్చడం మామూలు పొరపాటు. పనిని బట్టి తేల్చాలి. విపత్తు సహాయంలో కనీస సదుపాయాలు ఎంతో చెప్పే అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 250 మందికో కుళాయి, మొదట్లో 50 మందికో మరుగుదొడ్డి కావాలి. రెండు వేలమంది ఉన్న శిబిరానికి 30 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు ఆరు ట్రిప్పులు. ఎనిమిది కుళాయిలు, నలభై దొడ్లు. కుళాయిల దగ్గర రెండు షిఫ్టులకు మనుషులు, దొడ్లు కడిగేవారు, ట్యాంకరు వచ్చిన వేళ రాసుకునేవారు ఎందరో ఈ అంకెలే చెబుతాయి. సరుకుల పంపిణీకి మాత్రం ఒక నియమం తప్పరాదు: జాబితా రాసినవాడు సరుకు ఇవ్వకూడదు, సరుకు ఇచ్చినవాడు స్టాకు పుస్తకం రాయకూడదు. ముగ్గురూ ఒకే ఇంటి వాళ్లయితే నియమం కాగితం మీదే మిగులుతుంది. లారీ దింపడానికి సొంత మనుషులను తెస్తే హమాలీ సంఘంతో గొడవ. బస్తాకింత అని ముందే రేటు మాట్లాడుకుని రాసుకోవడం మేలు.

తొలి వారం 'వాలంటీరు' అని పిలిచి, రోజుకింత భోజన ఖర్చు ఇచ్చి, మూడో నెలకు కూడా అదే పేరుతో నడిపించడమే ఎక్కువ కేసులకు మూలం. హాజరు వేళలు మీరు పెట్టి, పని మీరు చెప్పి, నెలనెలా డబ్బిస్తే అతను వాలంటీరు కాడు. రోజుకూలీకైనా తొలిరోజే ఒక పేజీ కాగితం చేతికివ్వాలి. అందులో పని, రేటు, గడువు, గాయపడితే ఎవరు చూస్తారు అన్న నాలుగూ ఉంటే చాలు. మక్తల్, నారాయణపేట వైపు కన్నడం, దేవరకొండ తండాల్లో లంబాడీ వచ్చినవారిని తీసుకోవాలి. ఇంటర్వ్యూలో దీన్ని "వచ్చా?" అని అడిగి వదిలేయకుండా ఆ భాషలోనే రెండు నిమిషాలు మాట్లాడించి చూడాలి. సర్వేయరుకైతే తప్పులున్న కుటుంబ జాబితా ఇచ్చి అరగంటలో సరిచూడమంటే, ధ్రువపత్రాలు చెప్పనిది బయటపడుతుంది.

నియామకాలకు పద్ధతి కావాలన్న పట్టుదల ఎక్కువగా బయటి నుంచే వచ్చింది. 1994లో రెడ్‌క్రాస్ తదితర సంస్థల ప్రవర్తనా నియమావళి, 1997లో సిబ్బంది నిర్వహణపై పీపుల్ ఇన్ ఎయిడ్ నియమావళి వెలువడ్డాయి. పశ్చిమాఫ్రికా శరణార్థి శిబిరాల్లో సహాయక సిబ్బందే లైంగిక దోపిడీ చేశారని 2002లో బయటపడ్డాక, 2003లో ఐరాస ప్రధాన కార్యదర్శి కఠిన ఆదేశం జారీ చేశారు. ఒకచోట తొలగించినవాడు ఇంకోచోట చేరిపోతున్న సంగతి 2018లో హైతీలో ఆక్స్‌ఫామ్ సంస్థ సిబ్బంది లైంగిక దుష్ప్రవర్తన వ్యవహారం బయటికొచ్చాక మరోసారి చర్చకొచ్చింది. పాత సంస్థ నుంచి దుష్ప్రవర్తన సమాచారం అడిగి తెలుసుకునే ఏర్పాటు 2019లో మొదలైంది. మన జిల్లాల్లో మాత్రం రెఫరెన్సు అంటే ఇప్పటికీ ఫోన్లో "మంచోడే సార్" అన్న మాటే. కనీసం, మళ్లీ పనిలోకి తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగాలి. మౌనమైనా జవాబు కిందే లెక్క. సిబ్బంది పదిమంది, అంతకు మించి ఉంటే పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ తప్పనిసరి, కాంట్రాక్టు సిబ్బంది కూడా దాని పరిధిలోకే వస్తారు.

విదేశీ నిధుల చట్టం మరో మలుపు. 2010 చట్టం పరిపాలన ఖర్చుకు 50 శాతం హద్దు పెడితే 2020 సవరణ దాన్ని 20కి దించింది, ఒక సంస్థ మరో సంస్థకు విదేశీ నిధి బదిలీ చేయడాన్నీ నిషేధించింది. పెద్ద సంస్థ నిధితో మండలాల్లో పనిచేసే చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. ఇక డాక్టరు, టీచరు జీతాలు లక్ష్య సాధన ఖర్చు కిందికి వస్తాయి. అకౌంటెంటు, ఆఫీసు గుమాస్తా జీతాలు పరిపాలన కిందికే. దాంతో అకౌంటెంట్లు రాత్రికి రాత్రి 'ప్రాజెక్ట్ అసోసియేట్'లయ్యారు. ఆడిటరు చూసేది పదవి పేరు కాదు, చేసే పని.

సిబ్బందికి మంట పుట్టించేది మాత్రం జీతం లెక్క. దాత బడ్జెట్‌లో ఫీల్డ్ వర్కరుకు "నెలకు 17,438, అన్నీ కలిపి" అని ఉందనుకుందాం. అందులో జీతం 15,000, యజమాని పీఎఫ్ వాటా చార్జీలతో 13 శాతం కింద 1,950, ఈఎస్ఐ 3.25 శాతం కింద 488. ఆ 15,000 లోంచి మళ్లీ ఉద్యోగి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 113 పోతే చేతికొచ్చేది 13,087. ఇంటర్వ్యూలో "పదిహేడు వేలు" అన్నవారు తొలినెల జీతం పడగానే దొంగలవుతారు. ఆఫర్ లెటర్లోనే మూడు అంకెలూ విడివిడిగా రాస్తే ఈ రచ్చ ఉండదు. దాత రెండో విడత ఆలస్యమైతే పీఎఫ్ కట్టడం 15వ తేదీ గడువు దాటుతుంది, వడ్డీ, జరిమానా పడతాయి. ఆ ఖర్చును చాలామంది దాతలు ఒప్పుకోరు. అందుకే ఒక నెల జీతాల సొమ్ము విడిగా ఉంచుకోవాలి. బ్యాంకుల విలీనాలు ఇంకో తలనొప్పి: 2017లో ఎస్‌బీహెచ్, 2020లో ఆంధ్రాబ్యాంకు, 2025 జనవరిలో ఈ జిల్లాల గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు వేరే గొడుగు కిందికి వెళ్లాయి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారితే కొత్తది సేకరించకపోతే జీతాలు వెనక్కొస్తాయి.

2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రధానంగా సేవ చేసే ధర్మసంస్థలను 'పరిశ్రమ' నిర్వచనం నుంచి తప్పించింది. 1982లో రాసి పక్కన పెట్టిన మినహాయింపు ఇన్నేళ్లకు అమల్లోకి వచ్చిందన్నమాట. సామాజిక భద్రతా కోడ్ మాత్రం గడువు కాంట్రాక్టు ఉద్యోగికి ఐదేళ్లు కాకుండా ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ ఇస్తుంది. దాన్ని బడ్జెట్‌లో చూపాలంటే మూల వేతనంపై 4.81 శాతం వేసుకోవాలి. పైన చెప్పిన 15,000 అంతా మూల వేతనమే అయితే నెలకు 722 రూపాయలు. పదకొండు నెలల మోజు ఇక ఈ కారణంతోనైనా ఇంకొన్నాళ్లు నడుస్తుంది. ఒప్పందం ఎప్పుడు ముగిసినా పీఎఫ్ పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ వేయడం సంస్థ పని. వేయకపోతే చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత ఉద్యోగి తన యూఏఎన్‌ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్య)తో తానే వేసుకోవచ్చు. ఆ సంగతి తెలియక పాత సంస్థ ఆఫీసు చుట్టూ తిరిగేవారు ఇప్పటికీ ఉన్నారు.