పార్టీలో ప్రార్థన సహవాసాలు: బ్రిటన్‌లో ఈ కథ ఎక్కడ మొదలైంది

లేబర్ పార్టీ వార్షిక సదస్సు ఏ ఊళ్లో జరిగినా, అక్కడి చర్చిలో ఆదివారం ఒక ఆరాధన పెట్టుకోవడం ఆనవాయితీ. ఎంపీలు, కౌన్సిలర్లు, మామూలు కార్యకర్తలు పక్కపక్కనే కూర్చుని పాటలు పాడి, వాక్యం వింటారు. దీన్ని ఏర్పాటు చేసేది పార్టీకి అనుబంధంగా ఉన్న 'క్రిస్టియన్స్ ఆన్ ద లెఫ్ట్'. కన్జర్వేటివ్‌లకు 'కన్జర్వేటివ్ క్రిస్టియన్ ఫెలోషిప్' ఉంది, లిబరల్ డెమోక్రాట్లకూ ఇలాంటి ఫోరం ఒకటి ఉంది. ఓట్ల కోసం తెరిచిన దుకాణాలని తేలిగ్గా తీసిపారేయొచ్చు. ఆ లెక్క అసలు ఉండదని నేనూ అనను. అయితే చర్చికీ పార్టీకీ బాగా పొసగిన రోజుల్లో వీటి అవసరం ఎవరికీ పెద్దగా కనిపించలేదు. రెండింటికీ చెడినప్పుడే ఇవి పుట్టాయి.

చర్చికి మొదట చెడింది కార్మికులతో. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో చాలా చర్చిల్లో ముందు బల్లలు అద్దె కట్టినవాళ్లవి. డబ్బులేనివాడు వెనక ఎక్కడో సర్దుకోవాలి. ఇది భరించలేక జాన్ ట్రెవర్ అనే పాస్టర్ 1891లో మాంచెస్టర్‌లో 'లేబర్ చర్చి' మొదలుపెట్టాడు. 1893 జనవరిలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టినప్పుడు, ఆ సభలతోపాటు జరిగిన లేబర్ చర్చి ఆరాధనకు 5,000 మంది దాకా వచ్చారు. ఆ పార్టీకి పెద్దదిక్కైన కీర్ హార్డీ చిన్నప్పుడే గనిలోకి దిగినవాడు, చర్చిల్లో ప్రసంగాలు చేసి మాట నేర్చినవాడు. లేబర్ చర్చి ఎక్కువ కాలం నిలవలేదు. విశ్వాసాన్నీ కార్మిక రాజకీయాన్నీ కలిపే అలవాటు మాత్రం పోలేదు. లేబర్ పార్టీ మార్క్స్ కన్నా మెథడిస్టులనే ప్రొటెస్టంట్ శాఖవాళ్లకే ఎక్కువ రుణపడిందన్న మాట అక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది.

1960లో రెండు చిన్న సంఘాలు కలిసి 'క్రిస్టియన్ సోషలిస్ట్ మూవ్‌మెంట్' అయ్యాయి. దానికి మొదటి అధ్యక్షుడు డొనాల్డ్ సోపర్. లండన్ హైడ్ పార్కులో నిలబడి, ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లకు అక్కడికక్కడే జవాబు చెప్పే మెథడిస్టు పాస్టర్ ఆయన. తర్వాతి రోజుల్లో లేబర్ పార్టీ నాయకులైన జాన్ స్మిత్, టోనీ బ్లెయిర్ కూడా ఇందులో సభ్యులయ్యారు. 2013లో పేరు 'క్రిస్టియన్స్ ఆన్ ద లెఫ్ట్'గా మారింది.

కన్జర్వేటివ్‌ల కథ ఇంకా ఆసక్తికరం. వాళ్లకు వేరే సహవాసం ఎందుకు? ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అంటేనే ప్రార్థన చేసుకుంటున్న కన్జర్వేటివ్ పార్టీ అని ఎగతాళి చేసేవారు. 1917లోనే మాడ్ రాయిడెన్ అనే మహిళా బోధకురాలు, చర్చి ఇక ఆ స్థాయి దాటి ముందుకు రావాలని అంది. అంత దగ్గర సంబంధం ఆ పార్టీ ప్రధాని మార్గరెట్ థాచర్ హయాంలో బెడిసింది. 1985లో చర్చి విడుదల చేసిన 'ఫెయిత్ ఇన్ ద సిటీ' నివేదిక నగరాల్లోని పేదరికానికి ప్రభుత్వ విధానాలనూ తప్పుపట్టింది. మరుసటి ఏడాది ఆదివారం దుకాణాలు తెరవనిచ్చే బిల్లు తెస్తే, చర్చిలు ఊరూరా ప్రచారం చేశాయి. సొంత పార్టీ ఎంపీలే 72 మంది ఎదురుతిరిగారు. బిల్లు 14 ఓట్ల తేడాతో వీగిపోయింది.

1988 మే 21న థాచర్ ఎడిన్‌బరోలో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ మహాసభకు వెళ్లి తన ఆర్థిక విధానాన్ని బైబిల్‌తో సమర్థించుకుంది. 'ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు' అన్న పౌలు మాట ఎత్తుకుంది. ప్రసంగం అయ్యాక సభాధ్యక్షుడు మర్యాదగానే ఆమె చేతిలో కొన్ని పుస్తకాలు పెట్టాడు. పేదరికం మీద, ఇళ్ల సమస్య మీద చర్చి తయారుచేసిన నివేదికలవి. ఇంతకన్నా పదునైన జవాబు నోటితో చెప్పడం కష్టం.

ఆ చేదు ఇంకా పోకముందే, 1990లో, ఎక్సెటర్ యూనివర్సిటీలో కలిసి చదివిన టిమ్ మాంట్‌గోమరీ, డేవిడ్ బరోస్ కన్జర్వేటివ్ క్రిస్టియన్ ఫెలోషిప్ పెట్టారు. 1997లో పార్టీ చిత్తుగా ఓడాక వీళ్ల మాటకు విలువ పెరిగింది. క్యాథలిక్ అయిన ఇయాన్ డంకన్ స్మిత్ నాయకుడయ్యాక మాంట్‌గోమరీ ఆయన దగ్గర పనిచేశాడు. 2004లో ఇద్దరూ మరికొందరితో కలిసి 'సెంటర్ ఫర్ సోషల్ జస్టిస్' స్థాపించారు. ఆ సంస్థ 2009లో వేసిన ప్లానే తర్వాత 'యూనివర్సల్ క్రెడిట్' అనే సంక్షేమ పథకమైంది. పేదల గోడు పార్టీకి వినిపించాలని బయల్దేరినవాళ్ల ఆలోచన చివరికి ప్రభుత్వ విధానంలోకి వచ్చిందన్నమాట. విచిత్రమేమిటంటే, 2014లో 27 మంది ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ శాఖ) బిషప్పులు సంక్షేమ కోతల వల్ల జనం ఆకలితో ఉన్నారని బహిరంగ లేఖ రాసినప్పుడు, సంక్షేమ శాఖ మంత్రి డంకన్ స్మితే.

విశ్వాసం పార్టీలో ఎంతవరకు చెల్లుతుందో లిబరల్ డెమోక్రాట్ నేత టిమ్ ఫారన్‌కు తెలిసొచ్చింది. స్వలింగ సంబంధాలు పాపమా అని 2017 ఎన్నికల్లో విలేకరులు వదలకుండా అడిగారు. నాయకుడిగా ఉంటూ నిష్ఠగల క్రైస్తవుడిగా బతకడం తనకు సాధ్యం కాలేదని చెప్పి జూన్ 14న తప్పుకున్నాడు.

పార్టీలన్నీ కలిసే చోటు కూడా ఒకటుంది, పార్లమెంటు ప్రేయర్ బ్రేక్‌ఫాస్ట్. 2022 జూలై 5 పొద్దున దానికి ప్రధాని బోరిస్ జాన్సన్, ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ ఇద్దరూ వచ్చారు. నాయకత్వమంటే సొంత మేలు కన్నా ఇతరుల మేలు చూడటమని పాస్టర్ లెస్ ఐజాక్ వాక్యం చెప్పాడు. ఆ సాయంత్రమే జావిద్ రాజీనామా చేశాడు. మర్నాడు సభలో కారణాలు చెబుతూ ఆ ప్రసంగాన్ని ప్రస్తావించాడు. ఇంకో రోజుకు జాన్సన్ కూడా దిగిపోతున్నట్టు ప్రకటించాడు. ఇంతకీ జావిద్ ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు, తానైతే ఏ మతమూ పాటించనని చెప్పుకున్నవాడు.