.315 ఎట్లా మన మెడకు చుట్టుకుంది: అడివిపంది తగాదా వెనుక తూటాల చరిత్ర

మక్క కంకి పాలు పోసుకునే రోజులు రాగానే నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి పల్లెల్లో అడివిపంది మాట మళ్లీ లేచింది. ఈసారి తగాదా కాల్చాలా వద్దా అన్నది కాదు, దేనితో కాల్చాలన్నది. అనుమతి మీద కాల్చే షూటర్లలో పాతకాపులు పన్నెండు బోరు ఛర్రా తుపాకి, .315 రైఫిల్ (అంకె గొట్టం బోరును అంగుళాల్లో చెబుతుంది) తప్ప ఇంకేదీ పందికి సరిపోదంటున్నారు. తన్ను, అంటే పేలినప్పుడు భుజానికి తగిలే వెనకదెబ్బ, తక్కువుండే 6.5, 7 మిల్లీమీటర్ల తరగతి రైఫిళ్లయితే ఒక్క తూటాతో పని అయిపోతుందని, గాయపడి పారిపోయే పందుల బెడద తగ్గుతుందని రెండో పక్షం వాదన.

1972 వన్యప్రాణి చట్టం, అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కరెంటు తీగలకు పందులతో పాటు రైతులూ బలి కావడం, 2021లో సర్పంచులకు అనుమతులిచ్చే అధికారం అప్పజెప్పడం అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు. జింక సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. నారాయణపేట వైపు కృష్ణా తీరంలో చేలు మేసే కృష్ణజింక వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు. పంట నష్టం చూపించి దాన్ని కాల్చడానికి చట్టంలో దారే లేదు. అడివిపంది 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులో ఉంది, సెక్షన్ 11 కింద పంట కోసం అనుమతి ఇవ్వొచ్చు. కాబట్టి కింద జింక తూటాల ప్రస్తావన వచ్చిన చోటల్లా అది పరదేశాల అనుభవం. వాళ్లు జింక మీద నేర్చుకున్నది మనకు పంది దగ్గర పనికొస్తుంది.

అసలు మలుపు 1972లో లేదు. అంతకు అరవై డెబ్భై ఏళ్ల ముందు ఉంది.

బ్రిటిష్ సర్కారుకు పులికన్నా తిరుగుబాటు భయం ఎక్కువ. సైన్యం వాడే తూటా జనం చేతికి చిక్కకూడదన్నది దాని పట్టుదల. 1907లో .450 బోరు రైఫిళ్ల దిగుమతి ఆపేసింది. ఇంగ్లండు తుపాకుల కంపెనీలు దానికి .465, .470, .475 అంటూ పక్క సైజులు పుట్టించాయి, దొరలూ నవాబులూ వాటిని కొనుక్కున్నారు. ఫర్హాబాద్ గుట్టల మీద నిజాం వేట బంగళాకు వచ్చే అతిథులకు ఇదేం ఇబ్బంది కాలేదు. ఇబ్బంది పడ్డది మామూలు లైసెన్సుదారు. ఊరూరా దొరకగలిగిన .303 అతనికి అందకుండా పోయింది. ఆ ఖాళీలోకి బి.ఎస్.ఎ. కంపెనీ .315 వేట రైఫిల్‌ను దించింది. దాని తూటా ఆస్ట్రియా సైన్యపు పాత 8×50 మాన్లిషర్ తూటాకు దగ్గరి చుట్టం, మన సైన్యానికి అక్కరకు రాదు కాబట్టి సర్కారుకు అభ్యంతరం లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే బోరును కొనసాగించింది, తూటాలు కిర్కీ నుంచి కె.ఎఫ్. ముద్రతో వచ్చాయి. అంటే పందికో దుప్పికో తగినదని ఎవరో పరీక్షించి .315ను ఎంచుకోలేదు. తిరుగుబాటుదారుకు పనికిరానిదని ఎంచుకున్నారు.

అదే 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చింది .275 రిగ్బీ. పేరు వేరైనా అది జర్మన్ల 7×57 మౌజర్ తూటానే, 1892 నాటిది. తన్ను తక్కువ. ఆఫ్రికాలో డబ్ల్యు.డి.ఎం. బెల్ అనే వేటగాడు దానితో వందల ఏనుగులను పడగొట్టాడు. ఏనుగును ఎవరూ ఈ తూటాతో కాల్చకూడదు, ఈనాటి ఏ చట్టమూ ఒప్పుకోదు. కానీ సన్నని పొడవాటి గుండు ఎంత లోతుకు పోగలదో బెల్ చూపించాడు. నేల మీద ఆ తూటా ఉండగానే కాగితం మీద .315 గెలిచింది.

తేడా ఎంతో లెక్క వేసి చూడొచ్చు. గుండు బరువును దాని వేగంతో గుణించాలి. తూటాలోని మందు బరువును అది మండి వాయువుగా గొట్టం మూతి దాటే వేగంతో, సెకనుకు 4000 అడుగులనుకుని, గుణించాలి. రెండూ కలిపి రైఫిల్ బరువుతో భాగిస్తే రైఫిల్ వెనక్కి వచ్చే వేగం తెలుస్తుంది. తన్ను శక్తి ఆ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అన్నిటినీ 8 పౌండ్ల రైఫిల్‌లో పెట్టి చూస్తే 100 గ్రెయిన్ల (గ్రాముకు దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు) గుండుతో .243 విన్‌చెస్టర్ 8 నుంచి 9 ఫుట్-పౌండ్ల (శక్తి కొలత) తన్ను తంతుంది. 140 గ్రెయిన్ల 6.5 క్రీడ్‌మూర్ పదకొండున్నర, అంతే బరువు గుండుతో 7×57 పన్నెండు, 150 గ్రెయిన్ల .308 పదిహేనుకు కాస్త తక్కువ, 180 గ్రెయిన్ల .30-06 ఇరవై. మన .315 గుండు 244 గ్రెయిన్లు, వేగం సెకనుకు 2000 అడుగుల చిల్లర, తన్ను పదిహేను పదహారు.

ఇప్పుడు గుండు మోసుకుపోయే శక్తి చూడండి. 7×57ది మూతి దగ్గర 2200 ఫుట్-పౌండ్లు. .315ది కూడా సుమారు అంతే. అంటే భుజం మూడో వంతు అదనంగా చెల్లిస్తున్నది, పందికి అదనంగా చేరేది ఏమీ లేదు. పైగా .315 నెమ్మది గుండు 150 గజాలు దాటితే గబగబా కిందికి జారుతుంది, దూరం అంచనాలో కాస్త తప్పినా దెబ్బ కాళ్లకు పోతుంది.

పన్నెండు బోరు లెక్క ఇంకా ఘోరం. 32 గ్రాముల ఎస్.జి. (పెద్ద ఛర్రా పెల్లెట్ల) తూటా 7 పౌండ్ల డబుల్ బ్యారల్‌లో 25 ఫుట్-పౌండ్లు దాటి తంతుంది, .30-06 కన్నా ఎక్కువ. రైఫిల్ తంతుంది, మనకు తుపాకే నయం అనేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి. ఇక పంది దగ్గర అది చేసే పనేమిటి? ఎస్.జి.లో తొమ్మిది పెల్లెట్లు, ఎల్.జి.లో ఆరు. చోక్ (మూతి దగ్గర బిగింపు) లేని గొట్టం నుంచి అవి గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయి. నలభై గజాల దగ్గర రెండు మూరలకు పైబడిన వెడల్పులో తొమ్మిదే పెల్లెట్లు, పందికి తగిలేవి రెండో మూడో. ఒక్కో పెల్లెట్ బరువు 54 గ్రెయిన్లు, అక్కడికి చేరేసరికి ఒక్కోదానిలో మిగిలేది సుమారు వంద ఫుట్-పౌండ్లే. ముదురు మగపందికి భుజం మీద, ముందరి పక్కటెముకల మీద గట్టి తోలు డాలులా పేరుకుని ఉంటుంది. పెల్లెట్లు చాలాసార్లు అందులోనే ఆగుతాయి. పంది పారిపోతుంది, మూడో రోజు ఏ బత్తాయి తోట కాల్వలోనో కుళ్లి కంపు కొడుతుంది, లేదా పొద్దున్నే పల్లి చేనుకు పోయిన కూలిమనిషి మీదికి వస్తుంది. ఎస్.జి.తో ఇరవై అయిదు గజాలు దాటి కాల్చకపోవడం మంచిది.

పాతకాపుల మాటలోనూ పస ఉంది. కంపలో పది గజాల దగ్గర ఎదురు తిరిగిన పందికి డబుల్ బ్యారల్ అంత త్వరగా లేచే ఆయుధం వేరే లేదు. .243 మీద వాళ్ల అనుమానం కూడా న్యాయమే. 80, 90 గ్రెయిన్ల పల్చని గుండు భుజం ఎముకకు తగిలి పైపైనే పగిలిపోతుంది, లోపలికి దిగదు. ఆ తూటా వాడితే 100 గ్రెయిన్ల గట్టి గుండే వాడాలి, అదీ పంది పూర్తిగా అడ్డంగా నిలబడినప్పుడే. పందికి అది కనీస హద్దు అనుకోవాలి.

కానీ .243 లోపాన్ని చూపించి 6.5ని, 7 మిల్లీమీటర్లను కూడా తోసేయడం కుదరదు. గుండు లోతుకు పోవడం దాని అడ్డకొలతకు బరువు ఎంతుందన్న దాని మీద ఆధారపడుతుంది. 6.5లో 140 నుంచి 156 గ్రెయిన్ల గుండు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. స్వీడన్‌లో ఎద్దుకు మించిన మూస్ జింకను 1894 నాటి 6.5×55తో నేటికీ కాలుస్తున్నారు. అక్కడి నిబంధన 10 గ్రాములు, ఆపైన బరువుండే గుండుకు వంద మీటర్ల దగ్గర 2000 జౌళ్లు మిగలాలంటుంది, 156 గ్రెయిన్ల 6.5 గుండు ఆ గీత సులువుగా దాటుతుంది. స్కాట్లండ్ 1985లో పెద్ద జింకలకు 100 గ్రెయిన్ల గుండు, 2450 అడుగుల వేగం, 1750 ఫుట్-పౌండ్లు కనీసమని రాసుకుంది. .243 ఆ గీత దాటుతుంది, 7×57 తేలిగ్గా దాటుతుంది. మన ముదురు పంది ఆ జింక కన్నా బరువులో ఎక్కువేం కాదు, తోలులోనే ఎక్కువ.

తన్ను ఎందుకింత ముఖ్యమంటే, అది చెడగొట్టేది భుజాన్ని కాదు, గురిని. తుపాకి తంతుందని ఒళ్లు ముందే ఎరిగి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసి గొట్టాన్ని కిందికి తోస్తుంది. ఈ జంకు కాల్చేవాడికి తెలియదు, పేలుడులో కలిసిపోతుంది. బయటపెట్టాలంటే పక్క మనిషి మూడు నాలుగు అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటాను చెప్పకుండా పెట్టాలి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం మూతి కిందికి వంగిందంటే జంకు ఉన్నట్టే. విరుగుడు: బట్‌కు (భుజానికి ఆనించే భాగానికి) రబ్బరు ప్యాడ్, భుజానికీ మెడకూ కుదిరే బట్ పొడవు, రోజుకు పది తూటాలకు మించకుండా సాధన, మిగతాదంతా తన్ను దాదాపు లేని చిన్న .22 రైఫిల్‌తో. పంది మీద ఈ జంకు రెండింతలు నష్టం చేస్తుంది, ఎందుకంటే దాని గుండెకాయ ఉండేది కింద. ముందుకాలు వెనుక అంచు వెంట పైకి చూపు పోనిచ్చి ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆపాలి. జింకలకు అలవాటు పడ్డ చేయి సగం ఎత్తుకు పోతుంది, గుండు వెన్నెముక కిందుగా దూసుకుపోతుంది, పంది కూలినట్టే కూలి లేచి ఉరుకుతుంది.

నల్లగొండలో ఇంకో చిక్కు బండ. గుట్ట వాలులో కాల్చిన ఏ గుండైనా రాయికి తగిలి ఎటు పోతుందో చెప్పలేం. బరువైన నెమ్మది గుండూ, సీసపు పెల్లెట్లూ పగలకుండా ఎగిరిపోవడం ఎక్కువ, వేగంగా పోయే మెత్తమూతి గుండు రాయికి తగిలి తునకలయ్యే అవకాశం ఎక్కువ. అయినా దాన్ని నమ్ముకోవద్దు. మంచె మీద నుంచి కిందికి, వెనక మట్టి కనబడేటట్టు కాల్చడమే మార్గం. చేను గెట్టు మీద నిలబడి అడ్డంగా కాల్చేవాడికి అవతలి తండా చీకట్లో కనబడదు.

మరి తన్ను తక్కువ రైఫిళ్లు ఊళ్లలో ఎందుకు లేవు? 1980ల మధ్యలో మామూలు లైసెన్సుదారుల దిగుమతులు ఆగాయి. .243 పుట్టింది 1955లో, దానివి ఏవో కొన్ని అప్పటికే వచ్చి ఉన్నాయి. 6.5 క్రీడ్‌మూర్ పుట్టింది 2007లో, తలుపు మూసుకున్నాక. తాతల నాటి 7×57లు కొన్ని ఇళ్లలో ఉన్నా వాటి తూటాలు ముసలివైపోయాయి. క్యాప్ మీద పిన్ను పడ్డాక పేలకపోతే వెంటనే బోల్టు తెరవొద్దు, మూతి మట్టివైపు పట్టి నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే తూటా ముఖం మీదికి వస్తుంది. ఇషాపూర్ .30-06 దొరుకుతుంది గానీ దాని తన్ను పైన చెప్పిందే. తక్కువ తన్ను తూటాలకు తల్లి లాంటి .308 అసలు నిషేధపు బోరు, ఎందుకంటే 7.62 సైనిక తూటా దానిలో పడుతుంది. దాని గుల్ల మెడ బిగించి తయారుచేసిన .243లో, 1980 నాటి 7 ఎం.ఎం.-08లో ఆ సైనిక తూటా పట్టదు, కాబట్టి నిబంధన మాట ప్రకారం వాటికి అడ్డం లేదు.

ఆఖరి దెబ్బ 2019 ఆయుధ చట్ట సవరణ. అంతకుముందు ఒక లైసెన్సుదారు మూడు ఆయుధాలు ఉంచుకోవచ్చు, అప్పటి నుంచి రెండే. పన్నెండు బోరు, .315, .22 మూడూ ఉన్నవాడు ఒకటి వదులుకోవాలంటే దేన్ని వదులుతాడు? పందికి పనికిరానిదని .22నే. ఆ తర్వాత అతని సాధన అంతా బాగా తన్నే రెండింటి మీదే. ఇప్పుడు పొలంలో నిలబడి చిన్న బోరు పనికిరాదని వాదిస్తున్నది కూడా ఎక్కువగా ఇట్లాంటి లైసెన్సులున్న వాళ్లే.

సెక్షన్ 11లో ఎవరు అనుమతి ఇవ్వాలో, ఏ కారణం మీద ఇవ్వాలో ఉంది. చచ్చిన పంది సర్కారు సొత్తు అన్న మాటా చట్టంలో ఉంది. ఎంత బరువు గుండు, ఎంత వేగం, ఎన్ని గజాలు అన్న దానికి స్కాట్లండ్ వాళ్లకున్నట్టు ఒక్క వాక్యం కూడా లేదు.