కరాటే డ్రెస్సు మీద పులి ఎక్కడిది?

మా మేనల్లుడు శ్రీకాకుళంలో కరాటేకి చేరాడు. కొత్త డ్రెస్సు తొడుక్కుని వచ్చిన రోజు మా అమ్మ వాడి గుండెల మీదున్న గుండ్రటి బొమ్మను వేలితో తడిమి, "ఇదేటి బావూ, అమ్మోరి పులా?" అంది. "కాదు అమ్మమ్మా, షోటోకాన్ పులి" అన్నాడు వాడు. షోటోకాన్ అంటే వాడు నేర్చుకునే కరాటే శాఖ. అంతకుమించి వాడికీ తెలీదు.

పులి అనగానే పంజా, గాండ్రింపు గుర్తొస్తాయి. ఈ పులి మాత్రం ఒక మాట చమత్కారంలోంచి పుట్టింది. గిచిన్ ఫునకోషి (1868–1957) ఒకినావా దీవిలో బడిపంతులు. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండిపోయి నేర్పడం మొదలుపెట్టాడు. హోఆన్ కొసుగి అనే చిత్రకారుడు, మీరు ఈ విద్య మీద పుస్తకం రాస్తే అట్ట మీద బొమ్మ నేను వేస్తానని ఆయన్ని ఒప్పించాడు. జపాన్‌లో ఒక విద్యకు మూలమనదగ్గ గ్రంథాన్ని 'తోరా నో మాకి' అంటారు. తోరా అంటే పులి, మాకి అంటే చుట్ట. మనవాళ్లు కాల్చే చుట్ట కాదు లెండి, చుట్టిపెట్టిన రాత కాగితం. కరాటేకి మూలగ్రంథం ఇదే అని చెప్పడానికి కొసుగి పులిని గీశాడు.

ఇంకో ముడి కూడా ఉంది. ఫునకోషి కవితలు రాసేవాడు, వాటి కింద 'షోటో' అని పెట్టుకునేవాడు. పైన్ చెట్ల అలలు అని దాని అర్థం. ఆయన సొంతూరు షురి పక్కన చెట్లు దట్టంగా పెరిగిన సన్నటి కొండ ఒకటుంది. దూరం నుంచి పులి తోకలా కనిపిస్తుందని దానికి ఆ పేరే పెట్టారు. అక్కడ తిరుగుతూ పైన్ చెట్లలో గాలి వినడం ఆయనకు ఇష్టం. కళింగపట్నం వైపు సరుగుడు తోటలో సాయంత్రం కూర్చున్నవాళ్లకి ఈ పేరు విప్పి చెప్పక్కర్లేదు. నెత్తి మీద హోరు వినబడుతూ ఉంటుంది. అది అలల చప్పుడో ఆకుల చప్పుడో చప్పున తేల్చుకోలేం. శిష్యులు టోక్యోలో ఆయనకు సాధనశాల కట్టించి, ఆ కలంపేరుకే 'కాన్' అంటే శాల అని చేర్చి 'షోటోకాన్' అని బోర్డు పెట్టారు. 1945 బాంబు దాడుల్లో ఆ శాల నాశనమైంది.

ఇక తత్వం సంగతి. దానికి బొమ్మ కన్నా 'కరాటే' అన్న మాటే దగ్గరి దారి. మొదట్లో 'కరా' అంటే చైనా అనే అర్థం వచ్చే అక్షరంతో రాసేవారు. ఫునకోషి పలుకు మార్చకుండా అక్షరం మార్చి 'ఖాళీ చేయి' అన్నాడు. 1936లో ఒకినావా గురువులు నహా పట్టణంలో సమావేశమై ఈ కొత్త రాతనే ఒప్పుకున్నారు. అవి జపాన్‌కీ చైనాకీ వైరం ముదురుతున్న రోజులు. ఆ మార్పులో రాజకీయం అసలు లేదంటే నేను నమ్మను. ఫునకోషి మాత్రం చేతిలో ఆయుధం లేకపోవడమే కాదు, మనసులో స్వార్థం, పగ కూడా లేకపోవడమే ఖాళీ అన్నాడు. అందుకు బౌద్ధ ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రంలోని మాట తెచ్చుకున్నాడు. సంస్కృతంలో అది "రూపం శూన్యతా, శూన్యతైవ రూపం".

ఈ మాట మనకి పరాయిది కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలున్నాయి, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. శూన్యం గురించి వాదించుకున్న మహాయానం అక్కడ నిలదొక్కుకుంది. అలాగని కరాటే మన దగ్గర్నుంచే వెళ్లిందని చెప్పబోవడం లేదు. కరాటే క్లాసు గోడల మీద బోధిధర్ముడి పటం కనిపిస్తుంది, మన దేశం నుంచి చైనా వెళ్లాడని చెప్పుకునే బౌద్ధ భిక్షువు ఆయన. ఆయనే ఈ యుద్ధవిద్యలకు ఆద్యుడన్న కథకు చరిత్రలో గట్టి ఆధారం లేదు.

జపాన్ వాళ్లు 'ఖాళీ' అని రాసే అక్షరమే ఆకాశానికీ వాడతారు. మసుతత్సు ఒయామా స్థాపించిన క్యోకుషిన్ అనే మరో కరాటే శాఖ చిహ్నం 'కంకు' అక్కడిదే. కంకు అంటే ఆకాశాన్ని చూడడం. ఒక కటా, అంటే వరస తప్పకుండా చేసే కదలికల సాధన, మొదట్లో రెండు చేతులు పైకెత్తి, వేళ్ల కొసలు కలిపి, మధ్యలో ఖాళీలోంచి పైకి చూస్తారు. ఆ చేతుల ఆకారమే చిహ్నమైంది.

మళ్లీ మా వాడి పులి దగ్గరికి వస్తే, అసలు బొమ్మలో తోక పక్కన కొసుగి సంతకం ఉంటుంది. వాడి బ్యాడ్జిలో వెతికాను. ఆ చోట నల్లదారంతో చిన్న ముద్దలా కుట్టి ఉంది. కుట్టినవాళ్లు దాన్ని పులి చారల్లో ఒకటనుకున్నట్టున్నారు.